తెలుగు సైటులో ఒత్తులు తెగకుండా, లైన్లు ఇరుక్కోకుండా సరిచేసుకోవడం ఎలా

ఇంగ్లీషు కోసం తయారైన థీమ్ తెచ్చి అందులో తెలుగు మేటర్ పోసేస్తే పైపైన చూడటానికి సైటు బాగానే ఉంటుంది. కాస్త దగ్గరగా చూడండి. పై లైనులోని ఒత్తు కింది లైనులోని గుడికి తగులుతుంటుంది. బటన్‌లో కొమ్ము సగం తెగి ఉంటుంది. బోల్డ్ చేసిన హెడ్డింగులో ‘ఘ’కీ ‘మ’కీ తేడా తెలియదు. ఇవేవీ తెలుగు లిపి లోపాలు కావు. థీమ్ రాసినవాళ్ళ లెక్కలన్నీ బేస్‌లైన్ మీద నిలబడే ఇంగ్లీషు అక్షరాలవి. తెలుగు అక్షరం పైకీ పెరుగుతుంది, కిందికీ పెరుగుతుంది. ఆ లెక్కలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడమే పని. కొత్త సైటైనా పాత సైటైనా వరుస ఇదే.

ముందు ఒక పరీక్ష వాక్యం

ఏ మార్పు చేసినా దీన్ని పేజీలో పెట్టి చూడండి:

స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, కర్తృత్వం, వైశిష్ట్యం, కృష్ణా, హ్రస్వం, సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, ₹1,25,000

‘జ్యోత్స్న’లో ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు వస్తాయి. ‘స్త్రీ’లో కింద రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం. ఫాంట్ ఎంత ఎత్తు అడుగుతుందో ఈ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. ‘కర్తృత్వం’లో ఒత్తూ వట్రసుడీ ఒకే చోట పడతాయి. ‘వైశిష్ట్యం’లో ఐత్వం రెండు ముక్కలుగా, పైనా కిందా కూర్చోవాలి. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనబడని, రెండు అక్షరాలను కలవనివ్వని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే అక్షరం ఉంది. అది పోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ‘అమ్మ, నాన్న, ఇల్లు’ లాంటి తేలిక మాటలతో పరీక్షిస్తే ప్రతి ఫాంటూ పాసవుతుంది, ఆ పరీక్ష వల్ల ఉపయోగం లేదు.

ఈ వాక్యాన్ని మూడు సైజుల్లో (14, 18, 32 పిక్సెల్స్), మామూలుగానూ బోల్డ్‌గానూ, రెండు మూడు లైన్లు పట్టేలా ఒక విడి పేజీలో పెట్టుకోండి. సైటు ఉన్నంత కాలం ఆ పేజీ పనికొస్తుంది.

భాష, ఎన్‌కోడింగ్

పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు లాంగ్ విలువగా ‘టీఈ’ ఇవ్వండి. చాలా థీముల్లో అక్కడ ‘ఈఎన్’ అలాగే మిగిలిపోతుంది. అప్పుడు ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ తెలుగు గొంతును ఎంచుకోదు, తెలుగుకని రాసిన సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే) నియమాలూ పని చేయవు. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ‘యూటీఎఫ్8’ అని ఉంటే తెలుగు నిలుస్తుంది కానీ ఎమోజీ రాగానే రికార్డు తెగడమో ఎర్రర్ రావడమో జరుగుతుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’కి మార్చేయండి.

మేటర్ డీటీపీ షాపు నుంచి వస్తుంటే ఇంకో సంగతి ఉంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతి) కాదు. అందులో ఉన్నవి తెలుగు రూపం తొడుక్కున్న ఇంగ్లీషు సంకేతాలు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత మనిషి ఒకసారి పూర్తిగా చదవాల్సిందే. మార్చిన టెక్స్టులో చుక్కల వలయం ఎక్కడైనా కనిపిస్తే, అక్కడ హల్లు లేకుండా గుణింతపు గుర్తు ఒంటరిగా పడిందని అర్థం. మాట మధ్యలో అక్కర్లేని ఖాళీ చొరబడితే ఎక్కువగా ఇలా జరుగుతుంది.

ఫాంట్ ఎంపిక

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: బాడీ టెక్స్టుకు వెబ్ ఫాంట్ నిజంగా అవసరమా? ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు, ఆపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ముందే ఉన్నాయి. మూడూ చదవడానికి బాగుంటాయి, డౌన్‌లోడ్ ఖర్చు సున్నా. వార్తలు, వ్యాసాలు, ప్రభుత్వ పథకాల సమాచారం లాంటి సైట్లలో బాడీకి వీటిని వాడి, హెడ్డింగులకు మాత్రం ఒక వెబ్ ఫాంట్ పెట్టడం నా దృష్టిలో మంచి పద్ధతి. విండోస్ కోసం నిర్మలా యూఐ పేరు ఫాంట్-ఫ్యామిలీలో స్పష్టంగా రాయండి. రాయకపోతే కొన్ని చోట్ల పాత గౌతమి వచ్చి కూర్చుంటుంది, సైజులన్నీ మారిపోతాయి.

వెబ్ ఫాంటే కావాలనుకుంటే ఎన్ని వెయిట్లు (గీత మందాలు) ఉన్నాయో ముందు చూడండి. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, సూరన్న, రామభద్ర అందమైన ఫాంట్లు, ఓపెన్ లైసెన్సువి. కానీ వాటిలో ఒక్కో ఫాంటుకు ఒకే వెయిట్ ఉంది. మీరు బోల్డ్ అనగానే బ్రౌజర్ ఉన్న గీతనే మందం చేసి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. తెలుగు అక్షరాల గుండ్రాల్లో ఉండే చిన్న ఖాళీలు దాంతో పూడిపోతాయి. వ్యాసంలో బోల్డ్ తరచుగా వస్తుంటే నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు లాంటి పలు వెయిట్ల కుటుంబం తీసుకోండి. ఒకే వెయిట్ ఫాంట్ హెడ్డింగుకు వాడితే హెడ్డింగు ఫాంట్-వెయిట్‌ను 400కి దించి, ఫాంట్-సింథసిస్‌కు ‘నన్’ ఇవ్వండి.

ఇటాలిక్ సంగతీ అంతే. వాలు అక్షరాలు తెలుగు అచ్చు సంప్రదాయంలోవి కావు. తెలుగు భాగంలో ‘ఈఎం’ ట్యాగుకు ఫాంట్-స్టైల్ ‘నార్మల్’ ఇచ్చి, నొక్కి చెప్పడానికి వెయిట్‌నో రంగునో వాడండి. వెయిట్ 300, లేత బూడిద రంగు కలిపి బాడీకి పెట్టే డిజైన్లను మాత్రం ఒప్పుకోవద్దు. టెక్స్టుకూ బ్యాక్‌గ్రౌండ్‌కూ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి.

ఫాంట్-ఫ్యామిలీ వరుసలో ఇంగ్లీషు ఫాంట్ ముందు, తెలుగు ఫాంట్ తర్వాత రాయండి. ఇంగ్లీషు ఫాంటులో తెలుగు ఉండదు కాబట్టి తెలుగు అక్షరాలు వాటంతటవే రెండో ఫాంటుకు వెళ్తాయి. తిరగేసి రాస్తే అంకెలూ ఇంగ్లీషు మాటలూ తెలుగు ఫాంటులోని లాటిన్ రూపాల్లో వస్తాయి. అవి కొన్ని ఫాంట్లలో మరీ చిన్నవిగా ఉంటాయి.

ఎత్తు, వెడల్పు, ఎడం

చదివేవాడికి అన్నిటికంటే ముందు తెలిసే తేడా ఇక్కడే. బాడీకి 18 పిక్సెల్స్, లైన్-హైట్ 1.75తో మొదలుపెట్టండి. ఇంగ్లీషు థీముల్లో ఉండే 1.5కు ‘రాష్ట్రం’ కింద ‘స్త్రీ’ వస్తే ఒత్తూ గుడిదీర్ఘమూ రాసుకుంటాయి. 1.6 దాటితే చాలా ఫాంట్లకు సరిపోతుంది, 1.9 దాటితే లైన్లు విడివిడిగా తేలుతున్నట్టు ఉంటుంది. హెడ్డింగుల దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. థీములో హెడ్డింగుకు 1.1 లేదా 1.2 ఉంటుంది, ఒక లైనులో ఇమిడినంతసేపు బయటపడదు. ఫోన్‌లో రెండో లైనుకు దిగగానే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. హెడ్డింగుకు 1.4 కంటే తగ్గొద్దు. లైన్-హైట్ ఎప్పుడూ యూనిట్ లేని అంకెగానే ఇవ్వండి. పిక్సెల్స్‌లో ఇస్తే, ఎవరైనా ఫాంట్ సైజు పెంచినప్పుడు ఎత్తు అక్కడే ఆగిపోతుంది.

బటన్లు, ట్యాబులు, ఇన్‌పుట్ బాక్సులకు హైట్ అని నిర్ణీత ఎత్తు పెట్టకండి. మిన్-హైట్ 48 పిక్సెల్స్, పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 0.6 ఈఎం, అంటే ఫాంట్ సైజులో 0.6 వంతు, లైన్-హైట్ 1.5 ఇస్తే కొమ్ములు తెగవు. ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న ప్రతి చోటునూ అనుమానంతో చూడండి. కార్డుల్లో మూడు లైన్లకు కుదించే లైన్-క్లాంప్ ఉంటే చివరి లైను ఒత్తులు తెగుతాయి. దానికి కింద ప్యాడింగ్ ఇవ్వడం మందు కాదు, ఆ ఖాళీలో దాగిన నాలుగో లైను తలకట్లు తొంగిచూస్తాయి. లైన్-హైట్ పెంచడమే దారి.

లెటర్-స్పేసింగ్ తెలుగుకు సున్నా. హెడ్డింగులు బిగువుగా కనిపించాలని థీమ్ ఇచ్చే మైనస్ 0.02 ఈఎం, చిన్న లేబుళ్ళకు ఇచ్చే ప్లస్ 0.1 ఈఎం రెండూ తీసేయండి. ఎడం పెరిగితే కొన్ని బ్రౌజర్లలో ఒత్తు తన అక్షరం కింద నుంచి పక్కకు జరుగుతుంది. ఎడం తగ్గితే పక్క అక్షరం ఒత్తుతో కలిసిపోతుంది. సీఎస్ఎస్‌లో లాంగ్ టీఈ సెలెక్టర్ రాసి, దాని కింద లెటర్-స్పేసింగ్, లైన్-హైట్, ఫాంట్-స్టైల్ మూడూ ఒకే చోట సరిచేస్తే థీమ్ అప్‌డేట్ అయినా మీ మార్పులు విడిగా ఉంటాయి.

లైను వెడల్పుకు ‘సీహెచ్’ యూనిట్ వాడొద్దు. అది మొదటి ఫాంటులోని సున్నా అంకె వెడల్పును కొలుస్తుంది, తెలుగు అక్షరాన్ని కాదు. మ్యాక్స్-విడ్త్ 38 రెమ్ (పేజీ మూల ఫాంట్ సైజుకు 38 రెట్లు) దగ్గర మొదలుపెట్టి, లైనుకు ఎనిమిది నుంచి పది మాటలు వచ్చేలా సర్దుకోండి. టెక్స్టును రెండు వైపులా సమంగా నింపే జస్టిఫై ఫోన్‌లో పనికిరాదు. తెలుగు మాటలు పొడవు, ‘చేసుకోవాల్సివస్తుందనుకుంటే’ లాంటి ఒక్క మాట సగం లైను మింగుతుంది, మిగతా రెండు మాటల మధ్య కాలువంత ఖాళీ పడుతుంది. ఎడమ వైపుకు ఆనించి వదిలేయండి. మరీ పొడవైన మాట ఇరుకు కార్డు దాటి బయటికి పోకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కు ‘బ్రేక్-వర్డ్’ ఇవ్వండి. లింకుల కింది గీత ఒత్తుల్ని కోసుకుంటూ పోతుంది కాబట్టి టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ 0.3 ఈఎం పెట్టి కాస్త కిందికి దించండి.

ఫాంట్ ఫైలును తేలిక చేయడం

ఫాంట్‌ను మీ సర్వర్ మీదే పెట్టుకోండి. అందరూ వాడే సీడీఎన్ (ఫైళ్ళు అందించే ఉమ్మడి సర్వర్లు) నుంచి తెస్తే చూసేవారి బ్రౌజర్‌లో అది ముందే ఉంటుందన్న లెక్క 2020 నాటికే పోయింది. క్రోమ్ 86 నుంచి ఒక సైటు కోసం దాచిన ఫైలును ఇంకో సైటుకు ఇవ్వదు.

తర్వాత సబ్‌సెట్ చేయాలి, అంటే ఫాంటులో అక్కర్లేని అక్షరాలు తీసేయాలి. పైథాన్‌లో పిప్‌తో ఫాంట్‌టూల్స్, బ్రోట్లీ రెండూ ఇన్‌స్టాల్ చేసుకుంటే పైఎఫ్‌టిసబ్‌సెట్ అనే కమాండ్ వస్తుంది. దానికి మూడు సంగతులు చెప్పాలి. ఒకటి, ఏ అక్షరాలు ఉంచాలి: యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన 128 స్థానాల బ్లాకు మొత్తం (0సి00 నుంచి 0సి7ఎఫ్), వాక్యం చివర పెట్టే నిలువు గీతలైన దండాలు (0964, 0965), జడ్‌డబ్ల్యూఎన్‌జే, జడ్‌డబ్ల్యూజే (200సి, 200డి), చుక్కల వలయం (25సిసి), రూపాయి గుర్తు (20బి9). రెండు, లేఅవుట్-ఫీచర్స్‌కు నక్షత్రం గుర్తు, అంటే అన్నీ ఉంచమని. మూడు, ఫ్లేవర్‌కు వోఫ్2, అంటే వెబ్ కోసం కుదించిన ఫాంట్ ఫైలు రూపం.

రెండోదాని దగ్గర తప్పు చేస్తే తెలుగు చచ్చిపోతుంది. ‘ష్ట్రం’ అనే రూపానికి యూనికోడ్‌లో విడి స్థానం లేదు. ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న అని వరుసగా ఉన్న అక్షరాలను చూసి, ఫాంటులోని జీసబ్ పట్టిక ఒత్తు రూపాలను తెచ్చి పెడుతుంది. ఆ పట్టికను ఊడబీకే సబ్‌సెట్ టూల్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాటిలోంచి వచ్చిన ఫాంటుతో ‘రాష్ట్రం’ కాస్తా ‘రాష్‌ట్‌రం’ అయి కూర్చుంటుంది. అలా కనిపించిందంటే బ్రౌజర్‌ను అనుమానించకండి, ఫాంట్ ఫైలు మళ్ళీ తయారుచేయండి. పేజీలో ఉన్న అక్షరాలు మాత్రమే ఏరి ఫైలు ఇంకా చిన్నది చేయాలనే ఆశ కూడా వద్దు. రేపు వచ్చే కామెంటులో ‘ఝ’ ఉంటే ఆ ఒక్క అక్షరం వేరే ఫాంటులో పడుతుంది.

ఒక వెయిట్ ఫైలు 100 కేబీ దాటితే లోపల లాటిన్ అక్షరాలో అక్కర్లేని వెయిట్లో ఉండిపోయాయేమో చూడండి. ఫాంట్-ఫేస్‌లో ఫాంట్-డిస్‌ప్లే ‘స్వాప్’ ఇవ్వండి, యూనికోడ్-రేంజ్‌లో పైన ఉంచిన స్థానాలే రాయండి. హెడ్డింగు ఫాంటును ప్రీలోడ్ చేస్తే క్రాస్‌ఆరిజిన్ తప్పనిసరి. అది మరిచిపోతే అదే ఫైలు రెండుసార్లు దిగుతుంది. స్వాప్ వల్ల ఫాంట్ మారిన క్షణంలో పేజీ ఎగరడం మామూలే. సిస్టమ్ ఫాంటుకు సైజ్-అడ్జస్ట్ ఇచ్చి రెండిటి వెడల్పులూ దగ్గర చేస్తే ఆ కుదుపు తగ్గుతుంది. పేజీ కుదుపును కొలిచే సీఎల్ఎస్ 0.1 లోపు, పేజీలోని పెద్ద భాగం కనబడేందుకు పట్టే సమయమైన ఎల్‌సీపీ 2.5 సెకన్ల లోపు ఉండాలి.

జావాస్క్రిప్ట్ అక్షరాన్ని ఎలా లెక్కపెడుతుంది

‘స్త్రీ’ చదివేవారికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. లెంగ్త్ అడిగితే 6 అంటుంది, యూటీఎఫ్-8లో 18 బైట్లు పడుతుంది. ఈ తేడా పట్టించుకోని కోడు సైటులో నాలుగు చోట్ల తెలుగును విరగ్గొడుతుంది.

సారాంశం కోసం మొదటి 100 క్యారెక్టర్లు కోయడం మొదటిది. కోత ‘రాష్ట్రం’లో ఐదో స్థానం తర్వాత పడితే మిగిలేది ‘రాష్ట’. నాలుగో స్థానంలో పడితే ‘రాష్’. ఎప్పుడూ వెనక్కి వెళ్ళి, దగ్గరలోని ఖాళీ దగ్గర కోయండి. మాట మధ్యలో కోయక తప్పకపోతే, టెక్స్టును అక్షరాలుగా విడదీసే ఇంట్ల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) జావాస్క్రిప్ట్‌లోనే ఉంది, కానీ జాగ్రత్త: పొల్లు తర్వాత హల్లును అదే అక్షరంగా లెక్కించే నియమం తెలుగుకు యూనికోడ్ 15.1లో, 2023లో వచ్చింది. పాత బ్రౌజర్ ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడు చేస్తుంది.

రెండోది హెడ్డింగు యానిమేషన్. ఒక్కో క్యారెక్టర్‌ను ఒక్కో స్పాన్‌లో పెట్టి ఎగరేసే స్క్రిప్టులు ఇంగ్లీషుకు ముచ్చటగా ఉంటాయి, తెలుగులో గుణింతాలన్నీ చుక్కల వలయాలతో రాలిపడతాయి. మాటకో స్పాన్ చొప్పున విడగొట్టేలా సెట్టింగు మార్చండి, యానిమేషన్ అలాగే ఉంటుంది, అక్షరం బతుకుతుంది. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఫస్ట్-లెటర్ కూడా ‘స్వాగతం’ లాంటి మాట దగ్గర ఒత్తును విడదీయగలదు. కావాలనుకుంటే ‘స్వా’ మొత్తాన్ని చేత్తో స్పాన్‌లో పెట్టండి.

మూడోది ఫారాలు. పేరుకు మ్యాక్స్‌లెంగ్త్ 20 అంటే తెలుగులో నిండా పది అక్షరాలు కూడా పట్టకపోవచ్చు. కనీసం 100 ఇవ్వండి. పేరు సరిచూసే రెజెక్స్‌లో (టెక్స్టు నమూనాలో) యూనికోడ్ అక్షరాల వర్గం ‘ఎల్’ ఒక్కటే రాస్తే గుణింతం ఉన్న ప్రతి పేరూ తిరస్కారమవుతుంది, ఎందుకంటే గుణింతాలూ, పొల్లూ, నిండు సున్నా ‘ఎం’ అనే గుర్తుల వర్గంలో ఉంటాయి. రెండు వర్గాలూ, ఖాళీ, చుక్క, జడ్‌డబ్ల్యూఎన్‌జే కలిపి ‘యూ’ ఫ్లాగుతో రాయండి. టైపింగును కీడౌన్ ఈవెంటుతో పట్టుకోవద్దు. ఫోన్ కీబోర్డులో తెలుగు కొడుతుంటే అక్కడ వచ్చే కీ కోడ్ చాలాసార్లు 229, దానివల్ల ఏమీ తెలియదు. ఇన్‌పుట్ ఈవెంట్ వాడండి.

నాలుగోది వెతుకులాట. ఒకరు ‘వెబ్‌సైట్’ అని, ఇంకొకరు ‘వెబ్సైట్’ అని రాస్తారు. చదివేవారికి రెండూ ఒకటే మాట, సెర్చ్‌కు కాదు. ఇండెక్స్ చేసే ముందూ వెతికే ముందూ రెండు చోట్లా జడ్‌డబ్ల్యూఎన్‌జే, జడ్‌డబ్ల్యూజే తీసేసి, ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజ్ (ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకటిగా మార్చడం) చేయండి. ఐత్వం ఒకే గుర్తుగా రావొచ్చు, రెండు గుర్తులుగానూ రావొచ్చు, ఎన్‌ఎఫ్‌సీ ఆ రెంటినీ కలుపుతుంది. పేజీలో చూపించే టెక్స్టును మాత్రం ముట్టుకోవద్దు.

యూఆర్ఎల్‌లో తెలుగు పెట్టొచ్చు, తప్పేం లేదు. అయితే ‘తెలుగు’ అనే చిన్న మాట లింకు కాపీ చేసినప్పుడు 54 క్యారెక్టర్ల శాతం గుర్తులుగా మారుతుంది. వాట్సాప్‌లో పంచుకునే సైటైతే ఇంగ్లీషు లిపిలో పొట్టి స్లగ్ (యూఆర్ఎల్ చివర పేజీ పేరు) మేలు.

డిజైన్ టూల్స్

పాత ఫోటోషాప్ వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్ళి వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో పేరాకు వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టాలి. ఇల్లస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సుల్లో షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేయాలి. ఇంక్‌స్కేప్‌కు ఇవేవీ అక్కర్లేదు. ఫిగ్మాలో డిజైన్ చేసేటప్పుడు ఇంగ్లీషు నమూనా టెక్స్టుతో లేఅవుట్ తేల్చేయడం పెద్ద పొరపాటు. బటన్ల మీద మొదటి రోజే అసలు తెలుగు మాటలు రాయండి. ‘సమర్పించండి’ ఇరుకైతే ఫాంట్ తగ్గించకండి, ‘పంపండి’ అని రాయండి. చిన్నదీ, అందరూ అనేదీ అదే.

షేర్ చేసినప్పుడు కనిపించే 1200×630 బొమ్మను సర్వర్‌లో తయారుచేసే లైబ్రరీల్లో కొన్నిటికి జీసబ్ పట్టిక చదవడం రాదు. పైథాన్‌లో బొమ్మలు చేసే పిల్లో అయితే, అక్షరాలను పేర్చే లిబ్‌రాక్మ్ లైబ్రరీ ఉన్నప్పుడే ఒత్తులు సరిగా వస్తాయి. రసీదుల పీడీఎఫ్‌లకూ ఇదే సమస్య. హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర మీద కనబడకుండా నడిచే క్రోమ్) మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీని బొమ్మగానో పీడీఎఫ్‌గానో తీసుకుంటే ఈ తలనొప్పి మొత్తం పోతుంది.

సరిచూడటం

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో టెక్స్టును ఎంచుకుని కంప్యూటెడ్ ట్యాబ్ అడుగున రెండర్డ్ ఫాంట్స్ చూడండి. మీరు అడిగిన ఫాంటుతో పాటు ఇంకో పేరూ, పక్కన రెండు మూడు గ్లిఫ్‌లూ (అక్షర రూపాలు) కనిపిస్తే మీ సబ్‌సెట్‌లో ఆ అక్షరాలు లేవన్నమాట. ఫైర్‌ఫాక్స్ ఫాంట్స్ ప్యానెల్ కూడా ఇదే చెబుతుంది.

డెవ్‌టూల్స్‌లోని ఫోన్ మోడ్‌ను ఫాంట్ విషయంలో నమ్మొద్దు. అది తెర వెడల్పును మారుస్తుంది కానీ వాడేది మీ కంప్యూటర్ ఫాంట్లే. యూఎస్‌బీ కేబుల్‌తో ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ కలిపి, క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీ నుంచి పరీక్ష వాక్యం పేజీ తెరవండి. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది చేసి ఇంకోసారి చూడండి. పెద్దవాళ్ళ ఫోన్లలో అదే సెట్టింగు ఉంటుంది. మెనూ, బటన్లు, కార్డుల మూడో లైను, ఫారం లేబుళ్ళు, ఈ నాలుగు చోట్ల ఏమీ తెగకపోతే సైటును లైవ్‌కు పంపొచ్చు.